పోలియో వచ్చిన యాభై ఏళ్లకు, బాగున్న కాలు ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న:

మాది బాపట్ల జిల్లా. మావారు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ మాస్టారు. 57 ఏళ్లు. రెండో ఏట జ్వరం వస్తే సూది వేయించారట, ఆ తర్వాత కుడికాలు పడిపోయింది. పోలియో అన్నారు. చిన్నప్పుడు కొన్నాళ్లు కాలికి ఊతంగా ఇనుప కాలిపర్ వేసుకున్నారు. పదో తరగతి తర్వాత అదీ తీసేసి, తొడ మీద చెయ్యి ఆనించుకుని నడవడం అలవాటు చేసుకున్నారు. అలాగే చదివారు, ఉద్యోగం తెచ్చుకున్నారు, ఇద్దరు పిల్లల్ని పెంచారు. సైడ్ చక్రాల స్కూటీ మీద స్కూలుకి వెళ్లొస్తారు. ఎవరి సాయమూ అడిగే మనిషి కాదు.

రెండేళ్లుగా బాగున్న ఎడమకాలే మెట్లెక్కేటప్పుడు వణుకుతోంది. బాత్రూమ్‌లో రెండుసార్లు పడ్డారు. మధ్యాహ్నానికి నిలబడలేకపోతున్నారు. భుజాలు నొప్పి. చలికాలంలో కాళ్లు చల్లబడి నీలంగా అయిపోతున్నాయి. డాక్టరు వయసు ప్రభావం అని బలానికి మాత్రలు ఇచ్చారు. ఫిజియోథెరపీలో కాలికి బరువులు కట్టి ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారు, వారానికే ఇంకా నీరసించారు. మా అబ్బాయి వాచీ కొనిచ్చి రోజూ పదివేల అడుగులు నడవమంటున్నాడు. వీల్‌చెయిర్ మాట ఎత్తితే మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఉద్యోగం మానేస్తానంటున్నారు. పోలియో మళ్లీ వచ్చిందా? మా అమ్మాయికి నెలలు నిండాయి, పుట్టే బిడ్డకు అంటుకుంటుందా? ఈమధ్యే హెర్నియా ఆపరేషన్ కూడా చేయించుకోవాలన్నారు. నేను గారాబం చేసి ఆయన్ని సోమరిని చేస్తున్నానని మా అత్తగారితో సహా ఇంట్లో అందరూ అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా,

మాస్టారిది సోమరితనం కాదు. మీ గారాబం వల్ల వచ్చిందీ కాదు. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే పోస్ట్ పోలియో సిండ్రోమ్ అనే సమస్యకు చాలా దగ్గరగా ఉన్నాయి. మనిషిని చూడకుండా ఉత్తరం చదివి జబ్బు ఖాయం చేయకూడదు కాబట్టి ‘దగ్గరగా’ అంటున్నాను. కానీ ఒక పనికి డాక్టరు దాకా ఆగక్కర్లేదు. కాలికి బరువులు కట్టి చేయించే ఎక్సర్‌సైజులు ఇవాళే ఆపేయండి. పదివేల అడుగుల లెక్క కూడా. మళ్లీ ఏం మొదలుపెట్టాలి, ఎంతవరకు చేయాలి అన్నది ఈ సమస్య తెలిసినవాళ్లు చూశాక నిర్ణయించుకోవచ్చు.

ఇది ఎందుకు వస్తుందో మాస్టారికి అర్థమయ్యేలా మీరే చెప్పొచ్చు. పోలియో వైరస్ దెబ్బ తీసేది కాలి కండరాన్ని కాదు. ఆ కండరాన్ని కదిలించే నరాల కణాలు వెన్నుపాములో ఉంటాయి, వాటిని చంపేస్తుంది. ఐదుగురు టీచర్లున్న బడిలో ముగ్గురు పోతే, మిగిలిన ఇద్దరే అన్ని తరగతులూ పంచుకుని బడి నడుపుతారు కదా, అలా బతికిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేకుండా పోయిన కండరపు పోగుల్ని కూడా తామే చూసుకుంటాయి. చిన్నప్పుడు కొంత బలం తిరిగొచ్చింది అందుకే. ఒక్కో కణం తన వాటాకు ఎన్నో రెట్లు పని చేస్తూ దశాబ్దాలు గడిచాక, ఆ కొమ్మల్ని నిలబెట్టుకోలేక ఒక్కొక్కటీ వదిలేస్తుంది. అదీ ఇప్పుడు కనిపిస్తున్న కొత్త నీరసం. దీనికి కారణంగా నిపుణులు ఎక్కువగా నమ్ముతున్నది ఇదే.

మరి బాగున్న ఎడమకాలికి ఏమైందంటారా? ఆ కాలు అప్పట్లో పూర్తిగా బాగుండి ఉండకపోవచ్చు. ఒక కండరానికి సంబంధించిన కణాల్లో సగానికి పైగా పోతే తప్ప బలహీనత బయటికి తెలియదు. ఎడమ వైపు కూడా కొన్ని కణాలు అప్పుడే పోయి ఉండొచ్చు, మిగిలినవి సరిపెట్టుకుని వచ్చాయి. పైగా ఇన్నేళ్లూ రెండు కాళ్ల బరువూ మోసింది అదే. మెట్లెక్కిందీ, స్కూటీ ఎక్కి దిగేటప్పుడు ఆనిందీ, క్లాసులో గంటల తరబడి నిలబెట్టిందీ ఆ ఒక్క కాలే.

పోలియో తిరగబెట్టలేదు. ఒంట్లో వైరస్ లేదు, ఎవరికీ అంటుకోదు. మనవడో మనవరాలో పుట్టగానే ఆయన నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని. బిడ్డకు మాత్రం పుట్టగానే పోలియో చుక్కలు, తర్వాత 6, 10, 14 వారాలకు చుక్కలు, వాటితో పాటు 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఇచ్చే పోలియో ఇంజెక్షన్ ఏదీ తప్పకుండా వేయించండి.

సూది సంగతి రాశారు. ఆ తరం ఇళ్లన్నిట్లో ఇదే కథ: జ్వరం వచ్చింది, సూది వేయించాం, కాలు పడిపోయింది. అందులో కొంత నిజం ఉంది. పోలియో వైరస్ ఒంట్లో ఉన్న సమయంలో కండకు సూది వేస్తే, ఆ అవయవం చచ్చుబడే ప్రమాదం పెరుగుతుందని తర్వాత తేలింది. కానీ సూది వేయించకపోయినా కాలు పడిపోయిన పిల్లలు ఎందరో. వైరస్ అప్పటికే ఒంట్లో ఉంది, అది పోలియో జ్వరమని ఆ తల్లికి తెలిసే దారి లేదు. మీ అత్తగారు ఈ మాట పైకి అనకపోయినా మనసులో పెట్టుకునే ఉంటారు. కొడుకు మళ్లీ నీరసిస్తుంటే ‘సోమరితనం’ అనడం కూడా చాలాసార్లు భయం వల్లే. ఆవిడ దగ్గర కూర్చుని, తప్పు ఆమెది కాదని ఒకసారి నోరు తెరిచి చెప్పండి. ఈ మాట కోసం యాభై ఏళ్లుగా ఎదురుచూస్తున్న తల్లులున్నారు.

డాక్టరు వయసు అనేశారని మీకు కోపంగా ఉండొచ్చు. కోపం న్యాయమే. అయితే దాని వెనక ఒక కారణం ఉంది. మన దేశంలో సహజంగా తిరిగే వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహితమని సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఉన్న యువ డాక్టర్లలో ఎక్కువ మంది పోలియో వచ్చిన పసిబిడ్డను కళ్లతో చూసి ఉండరు. జబ్బు పోయింది, సంతోషం. కానీ 1960, 70, 80 దశకాల్లో పోలియో వచ్చిన లక్షల మంది పిల్లలు ఇప్పుడు నలభైలు, యాభైలు, అరవైల్లో ఉన్నారు. వాళ్లలో నూటికి 25 నుంచి 40 మందికి ఈ రెండో దెబ్బ తగులుతుందని అంచనా. పోలియో మీద గెలిచామని పండగ చేసుకున్నాం, ఆ పిల్లల ముసలితనం గురించి ఆలోచించలేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

కాబట్టి డాక్టరు దగ్గర మొదటి మాట ‘నీరసం’ అని చెప్పకండి. ‘రెండో ఏట పోలియో వచ్చింది, దశాబ్దాల పాటు ఒకే స్థితిలో ఉంది, రెండేళ్లుగా కొత్తగా బలం తగ్గుతోంది’ అని ఈ వరసలోనే చెప్పండి. న్యూరాలజిస్టును గానీ, ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్ విభాగాన్ని గానీ కలవండి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి పోలియో సర్జరీలకు, కాలిపర్లకు పేరున్నది. హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ కూడా మీకు అందుబాటులో ఉన్నవే.

పోస్ట్ పోలియోకు ‘ఇదిగో ఇది’ అని చెప్పే ఒక్క పరీక్ష లేదు. మిగతా కారణాలు లేవని తేల్చుకుంటూ రావాలి. థైరాయిడ్, షుగర్, రక్తహీనత, బీ12, డి విటమిన్, వెన్నుపూస నొక్కుకుపోవడం, మోకాలి అరుగుదల, ఇవన్నీ చూడాలి. వీటిలో చాలా వాటికి మందు ఉంది కాబట్టి ఈ వెతుకులాట ముఖ్యం. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే చెప్పండి, కొందరికి వాటివల్ల కండరాల నొప్పులు వస్తాయి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఇంకో సంగతి. పోలియో స్పర్శను పాడుచేయదు. కాళ్లలో తిమ్మిరి, మొద్దుబారడం ఉంటే కారణం వేరే ఏదో. బలం రోజుల వ్యవధిలో ఒక్కసారిగా పడిపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా, మాట ముద్దగా వస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గురక పెడతారా, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా, వెల్లకిలా పడుకుంటే ఆయాసంగా ఉంటుందా అన్నది మీరు గమనించి డాక్టరుకు చెప్పండి, ఇవి పక్కన పడుకునే మనిషికే బాగా తెలుస్తాయి. పోలియో వచ్చినవాళ్లలో ఊపిరి కండరాలు కూడా మెత్తబడొచ్చు. పగటి అలసటకు అసలు కారణం రాత్రి సరిగా ఊపిరి అందకపోవడం కావచ్చు. దానికి నిద్ర పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష ఉన్నాయి, రాత్రిపూట పెట్టుకునే మెషీన్ ఉంది. అలాంటివాళ్లకు ఆ మెషీన్ ఊపిరి సాయం లేకుండా ఉత్త ఆక్సిజన్ పెడితే ఒక్కోసారి ప్రమాదం కూడా.

జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పే మందు ఇప్పటికి లేదు. నరాలకు బలం అంటూ వేలకు వేలు తీసుకుని ఇంజెక్షన్లు, స్టెమ్ సెల్స్ అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. అయితే ఈ సమస్య చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఉన్న బలాన్ని పొదుపుగా వాడుకుంటే ఏళ్ల తరబడి దాదాపు ఇదే స్థితిలో ఉండొచ్చు. చేయాల్సింది అదే, పొదుపు.

ఎక్సర్‌సైజు పూర్తిగా మానేయమనడం లేదు. మంచం మీద కూర్చుండిపోతే ఉన్న కండ కూడా కరిగిపోతుంది. అలసట మొదలవకముందే ఆపే తేలికపాటి కదలికలు, మధ్యమధ్య విశ్రాంతి, వీలుంటే గోరువెచ్చని నీళ్లలో వ్యాయామం, ఇవి మేలు చేస్తాయి. కొలత తేలిక: ఇవాళ చేసిన పనికి రేపు కూడా నొప్పి, నీరసం ఉంటే అది ఎక్కువైనట్టు. మీ అబ్బాయి ప్రేమతోనే వాచీ కొన్నాడు. షుగర్ ఉన్నవాళ్లకు చెప్పే సలహా నాన్నకు హాని చేస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ జవాబు వాడికి చదివించండి.

ఇప్పుడు బాత్రూమ్. ఆయన రెండుసార్లూ అక్కడే పడ్డారంటే నాకు ఆశ్చర్యం లేదు. తొడ మీద చెయ్యి ఆనించి నడిచే మనిషికి ఆ చెయ్యే కాలు. తొడ ముందు కండరం పనిచేయదు కాబట్టి, చెయ్యి వెనక్కి నొక్కిపట్టి మోకాలు మడత పడకుండా ఆపుతుంది. స్నానం చేసేటప్పుడు ఒక చేతిలో మగ్గు, ఇంకో చేతిలో సబ్బు. మోకాలికి చెయ్యి లేదు. ఇన్నాళ్లూ ఎడమకాలు ఆ లోటు భర్తీ చేసింది, ఇప్పుడు చేయలేకపోతోంది. కాబట్టి నిలబడి స్నానం చేయడం మానిపించండి. కాళ్లకు రబ్బరు తొడుగులున్న గట్టి ప్లాస్టిక్ స్టూలు, కూర్చుంటే చేతికందే ఎత్తులో నీళ్లు, గోడకు రెండు స్టీలు కడ్డీలు చాలు. తువ్వాళ్లు తగిలించే కడ్డీ సరిపోదు, అది మనిషి బరువుకు ఊడొస్తుంది. గడప దగ్గర నేల దిగుడుగా ఉంటే అక్కడ ఒక కడ్డీ. తడి కాళ్లతో బయటికి రాకుండా స్టూలు మీదే తుడుచుకోవాలి. పోలియో కాలి ఎముక చిన్నప్పటి నుంచీ సన్నంగా, పలచగా ఉంటుంది. చిన్నగా పడినా విరగొచ్చు, అతకడం ఆలస్యం, ఆ మంచంలో ఉన్న వారాల్లో పోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఖర్చు పెట్టడానికి ఇంట్లో ఒక్క చోటే ఉందంటే అది బాత్రూమే.

కాలిపర్ మళ్లీ వేయించాలి. అనగానే ఆయనకు చిన్నప్పటి ఇనుప కడ్డీలూ, తోలు పట్టీలూ, ఆ బరువూ గుర్తొస్తాయి. ఇప్పుడు కాలి కొలతకు పోతపోసిన తేలికైన ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, ప్యాంటు లోపల వేసుకోవచ్చు. ఆ చెయ్యికి విశ్రాంతి దొరుకుతుంది, నడుము వంగడం తగ్గుతుంది, భుజం నొప్పికీ ఉపశమనం. రెడీమేడ్ కొనకండి. కొలత తీసి, వేసి, నడిపించి చూసి సరిచేసేవాళ్ల దగ్గరే చేయించండి. చలికి కాళ్లు నీలంగా మారడం కూడా పోలియో కాళ్లలో మామూలే. స్నానం కాగానే, కాలు వెచ్చగా ఉన్నప్పుడే సాక్సు వేయాలి, బయట గాలికి చల్లబడ్డాక వేస్తే లాభం తక్కువ.

ఉద్యోగం మానడం గురించి నేను గట్టిగా చెప్తున్నాను: ఇప్పుడే రాజీనామా గానీ, వాలంటరీ రిటైర్‌మెంట్ గానీ వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్‌మెంట్ వయసు 62, ఆయనకు ఇంకా ఐదేళ్లుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సంస్థ తన దివ్యాంగ ఉద్యోగికి పని చేసుకోవడానికి తగిన సదుపాయాలు కల్పించాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగం తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. పాత పనికి పనికిరాకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలని కూడా ఉంది. ఎవరైనా మెడికల్ ఇన్‌వాలిడేషన్, అంటే ఆరోగ్యం వల్ల ఉద్యోగానికి పనికిరారని చెప్పే కాగితం మీద సంతకం పెట్టమంటే, తెలిసినవాళ్లకు చూపించకుండా పెట్టొద్దని చెప్పండి.

అడగాల్సినవి పెద్దవేం కావు. ఆయన క్లాసులన్నీ కింది అంతస్తులోనే పెట్టాలి. చేతులున్న, కాస్త ఎత్తయిన కుర్చీ ఒకటి. మధ్యాహ్నం మొదటి పీరియడ్ ఖాళీ. ప్రార్థనలో, పరీక్షల ఇన్విజిలేషన్‌లో నిలబడే డ్యూటీల నుంచి మినహాయింపు. చేతులు పైకెత్తి బోర్డు మీద రాయడం భుజాలకు చాలా శ్రమ, అది పిల్లల చేత రాయించవచ్చు. డాక్టరు సర్టిఫికెట్ జత చేసి హెచ్‌ఎం గారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి. నోటిమాటగా అడిగితే దయగా చూస్తారు, రాసి ఇస్తే హక్కుగా చూడాల్సి వస్తుంది. పని జరగకపోతే శాఖలో దివ్యాంగుల ఫిర్యాదులు చూసే అధికారి, ఆ పైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు.

వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో ఉన్న శాతం ఒక కాలి లెక్కే అయితే, పరీక్షలు పూర్తయ్యాక మళ్లీ అంచనా వేయమని సచివాలయం ద్వారా అడగండి. ఆదాయపు పన్నులో దివ్యాంగులకు 75 వేలు, వైకల్యం 80 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే లక్షా 25 వేల మినహాయింపు వస్తుంది, పాత పన్ను విధానం ఎంచుకుంటేనే.

వీల్‌చెయిర్ మాటకు ఆయన ఎందుకు మౌనంగా ఉండిపోయారో ఆలోచించండి. కుంటివాడని పిలిచే ఊళ్లో, తొడ మీద చెయ్యి పెట్టుకుని, అందరికంటే ముందు బడికి చేరుకున్న పిల్లాడు ఆయన. నేను అందరిలాంటివాణ్ణే అని రుజువు చేసుకోవడానికి యాభై ఏళ్లు ఒళ్లు హూనం చేసుకున్నారు. ఇప్పుడు మీరు కుర్చీ అంటే, ఆ కష్టమంతా వృథా అన్నట్టు వినిపించింది. కాబట్టి ఇంట్లో మొదలుపెట్టకండి. ఆసుపత్రి వరండా, రైల్వే స్టేషను, పెళ్లి, తిరుమల, ఇలా దూరం ఎక్కువ ఉన్న చోట ఒక్కసారి వాడి చూద్దామనండి. అక్కడ ఆదా అయిన శక్తితో సాయంత్రం నలుగురితో కూర్చుని కబుర్లు చెప్పగలిగారా లేదా, ఆయనే చూసుకుంటారు. ‘కుర్చీ ఎక్కండి’ అనే బదులు ‘సాయంత్రానికి మీలో ఓపిక మిగలాలని నా కోరిక’ అనండి. అదే నిజం కూడా కదా. ఆయనలాంటి పోలియో మిత్రుడు ఒకరు కాలిపర్ గానీ, బ్యాటరీ బండి గానీ వాడుతుంటే, మీరు వంద సార్లు చెప్పినదానికంటే ఆ స్నేహితుడితో గంట మాట్లాడటం ఎక్కువ పనిచేస్తుంది.

మీ గురించి పెద్దగా ఏమీ రాయలేదు మీరు. ఆయన పడినప్పుడు లేపింది మీరేగా? చెయ్యి పట్టుకుని గుంజి లేపకండి, ఆయన భుజం, మీ నడుము రెండూ పోతాయి. ముందు దెబ్బ తగిలిందేమో చూసి, గట్టి కుర్చీ తెచ్చి ఆయన ముందు పెట్టి, దాన్ని ఆసరా చేసుకుని ఆయనే లేచేలా పక్కన నిలబడండి. ఎలాగో ఫిజియోథెరపిస్టును అడిగి ఇద్దరూ కలిసి నేర్చుకోండి. అమ్మాయి కాన్పు, అత్తగారు, ఆయన, అన్నీ మీ ఒక్కరి మీదే పడకుండా, వాచీ కొన్న అబ్బాయికి ఆసుపత్రి తిప్పే పని అప్పగించండి.

ఉద్యోగం లేని పోలియో సోదరులు, అక్కచెల్లెళ్లు ఇది చదువుతుంటే మీక్కూడా ఒక మాట. ఒంటికాలితో మిషను తొక్కే టైలర్లు దానికి మోటారు బిగించుకోండి, ఆ కాలు ఇంకా చాలా ఏళ్లు కావాలి. చేతుల మీద పాకుతూ తిరిగేవాళ్లకు భుజాలు, మణికట్లు ముందు అరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కితే అశ్రద్ధ చేయకండి. దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 15,000 ఇస్తున్నారు. పాత సర్టిఫికెట్ నాటి పరిస్థితి ఇప్పుడు లేకపోతే మళ్లీ పరీక్షకు దరఖాస్తు పెట్టండి.

ఇక హెర్నియా ఆపరేషన్. అత్యవసరమని డాక్టరు అంటే తప్ప, ముందు చెప్పిన పరీక్షలు, ముఖ్యంగా ఊపిరి పరీక్ష అయ్యాకే తేదీ తీసుకోండి. పోలియో వచ్చినవాళ్లకు మత్తుమందు, కండరాలు సడలించే మందు కాస్త ఎక్కువగా పనిచేస్తాయి, తేరుకోవడానికి టైమ్ పడుతుంది, చలికి వణుకు ఎక్కువ ఉంటుంది. సర్జన్‌తో చెప్పి ఊరుకోవద్దు, మత్తు ఇచ్చే డాక్టరును విడిగా కలవాలి. ఏ వయసులో పోలియో వచ్చింది, ఏ కాలు, ఇప్పుడు కొత్తగా ఏం బలహీనపడింది, గురక, ఆయాసం ఉన్నాయా, వాడుతున్న మందులేమిటి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కేస్ షీటుకు పిన్ చేయించండి. మరో ప్రతి ఆయన పర్సులో ఉంచండి.